మూడడుగుల ఎత్తులో కోళ్ల దొడ్డి

పెరట్లో నాలుగు కోళ్లు పెంచాలనుకునేవారు మొట్టమొదట అడిగేది ఒక్కో కోడికి ఎంత చోటు కావాలన్నది. ఎత్తు తక్కువగా ఉండే దొడ్డి కట్టేటప్పుడు మాత్రం అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: దాన్ని శుభ్రం చేసే మనిషి చెయ్యి లోపలికి ఎంత దూరం అందుతుంది? నిటారుగా నిలబడిన పెట్ట ఎత్తు దాదాపు ఒకటిన్నర అడుగు ఉంటుంది కనుక, మూడడుగుల కప్పు కింద అది హాయిగా తిరుగుతుంది, రెక్కలు విదిలించుకుంటుంది, చిన్న గంతు కూడా వేస్తుంది. ఇబ్బంది పడేది మనమే. అందువల్ల ఇలాంటి దొడ్డికి కొలతలు కోడిని చూసి కాక మన చేతిని, నడుమును, మోకాళ్లను చూసి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రతి నిర్ణయం వెనుకా ఆ లెక్కే ఉంది.

మా ఇల్లు బెంగళూరు శివార్లలో యలహంక వైపు, నలభై అరవై అడుగుల సైటులో ఉంది. ఇంటి వెనుక గోడకూ కాంపౌండు గోడకూ మధ్య కొంత ఖాళీ చోటు, అందులో నాలుగు కూరగాయల మడులు, ఒక కరివేపాకు చెట్టు, రెండు అరటి పిలకలు ఉన్నాయి. ఆరడుగుల ఎత్తున, మనిషి నడిచివెళ్లేలా దొడ్డి కడితే దాని నీడ మధ్యాహ్నం తరువాత మడుల మీద పడుతుంది, వంటింటి కిటికీకి వెలుతురు తగ్గుతుంది, అయిదడుగుల కాంపౌండు గోడ మీదుగా వీధిలోకి కనిపిస్తుంది. మూడడుగులకు పరిమితం చేస్తే ఈ మూడు చిక్కులూ ఉండవు. గాలివాన తాకిడి తక్కువ, ఇనుము ఖర్చూ తక్కువే. ఏటవాలు వాన కూడా ఎత్తైన కప్పు కిందికి దూరినంత లోపలికి పొట్టి కప్పు కిందికి దూరదు. ఇన్ని లాభాలున్నా చాలామంది పొట్టి దొడ్డిని కట్టి రెండేళ్లలో వదిలేయడానికి కారణం ఒక్కటే, లోపల పేరుకున్న రెట్టను తీయలేకపోవడం.

పొట్టి కట్టడాలు కొత్తవేమీ కావు. మన ఊళ్లలో వెదురు గంప కింద కోళ్లను మూయడం ఎంత పాతదో చెప్పనక్కర్లేదు. అమెరికాలో జోయెల్ సలాటిన్ అనే రైతు ప్రచారంలోకి తెచ్చిన పచ్చిక బయలు పద్ధతిలో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, కేవలం రెండడుగుల ఎత్తు ఉన్న అడుగులేని పెట్టెలను వాడతారు. అయితే గంపను పొద్దున్నే ఎత్తేస్తాం. సలాటిన్ పెట్టెను రోజూ కొత్త గడ్డి మీదికి జరుపుతారు. అంటే ఆ రెండింటిలోనూ మనిషి లోపలికి వెళ్లి ఊడ్చే అవసరమే రాదు. మా పెరటిలాంటి చోట దొడ్డి కదలదు. కోళ్లు ఏడాది పొడవునా అదే నేల మీద ఉంటాయి, కనుక శుభ్రం చేసే దారి కట్టడంలోనే ఉండాలి. కొలతలు విని, “గంప కింద మూస్తే సరిపోయేదానికి ఇంత ఇనుమెందుకురా?” అని మా అమ్మ అడిగినప్పుడు నేను ఇచ్చిన సమాధానం ఇదే. ఆవిడ పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను.

మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపితే సాధారణంగా రెండు, రెండున్నర అడుగుల దూరం సులువుగా అందుతుంది. దొడ్డికి రెండు వైపులా తలుపులుంటే వెడల్పు నాలుగడుగుల నుంచి అయిదడుగుల దాకా ఉండవచ్చు. కాంపౌండు గోడకు ఆనించి కడితే ఒక వైపే మిగులుతుంది, అప్పుడు రెండున్నర అడుగులు దాటకూడదు. హొసకోటె దగ్గర మా బంధువుల ఇంట్లో గోడకు ఆనించి నాలుగడుగుల వెడల్పుతో, ఒక చివర చిన్న తలుపుతో కట్టిన దొడ్డి ఉంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ గోడవైపు మూల ఎవరికీ అందదు. కోళ్లు పగలంతా ఆ నీడ మూలనే పడుకుంటాయి కనుక రెట్ట కూడా అక్కడే పడుతుంది, వానాకాలంలో వాసన అక్కడే మొదలవుతుంది.

నాకు ఉన్న చోటులో గోడకు ఆనించక తప్పలేదు, నాలుగు కోళ్లకు నాలుగడుగుల వెడల్పూ కావాలి. ఆరుబయట తిరిగే దొడ్డిలో ఒక్కో కోడికి కనీసం ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఇవ్వాలని సాధారణంగా చెబుతారు. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తీసుకుంటే నలభై ఎనిమిది చదరపు అడుగులు, అంటే తలకు పన్నెండు వస్తాయి. పొట్టి దొడ్డిలో పైకెక్కి తిరిగే వీలు తక్కువ కనుక నేల మీద ఈ మాత్రం ఉదారంగా ఉండటం మంచిది. ఇక అందని మూల సంగతి. పన్నెండడుగులను నాలుగేసి అడుగుల చొప్పున మూడు అరలుగా విభజించి, మధ్య అరకు పైకప్పునూ ముందు పలకనూ రెండింటినీ తెరుచుకునేలా పెట్టించాను. రెండూ తెరిస్తే ఆ అరలో మనిషి నిటారుగా నిలబడవచ్చు. అక్కడి నుంచి కుడి చివరకు ఆరడుగులు, ఎడమ చివరకు ఆరడుగులు; మూడడుగుల కర్ర ఉన్న రేక్ (చెత్తను లాగే పళ్ల పనిముట్టు) చేతిలో ఉంటే ఏ మూలా మిగలదు.

వెల్డింగు చేసిన ఆయనది హిందూపురం. ఎత్తు విని, “మూడడుగులేనా సార్? మనిషి లోపలికి ఎట్లా పోతాడు?” అని అడిగారు. “మనిషి పోనక్కర్లేదన్నా, చెయ్యి పోతే చాలు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అట్లయితే పక్క అరల కప్పులు కూడా బందుల మీద పెడదాం, ఎప్పుడైనా జబ్బు కోడిని పట్టుకోవాల్సి వస్తే పనికొస్తుందన్నారు. అది మంచి సలహా. పొట్టి దొడ్డిలో కోడిని పట్టుకోవడం పెద్ద ప్రహసనం, మనం ఏ తలుపు తీస్తే అది దానికి ఎదురు చివరకు పరుగెడుతుంది. అందుకే ఇప్పుడు కప్పు మొత్తం మూడు పలకలు, మూడూ విడివిడిగా లేస్తాయి.

పలక బరువు ముందే లెక్క వేసుకోవాలి. అంగుళం చదరపు గొట్టం, 1.2 మిల్లీమీటర్ల మందంది, మీటరుకు దాదాపు 900 గ్రాములు తూగుతుంది. నాలుగడుగుల చదరపు చట్రానికి అలాంటి గొట్టం అయిదు మీటర్లకు కాస్త తక్కువ పడుతుంది, దానికి మెష్ (తీగ వల) బరువు కలిపితే సుమారు 6 కిలోలు అవుతుంది. ఇది పెద్దవాళ్లు కూడా ఒంటి చేత్తో ఎత్తగలిగిన బరువే. కానీ ఆ పలక వంగి పనిచేస్తున్నవారి మెడ మీద పడితే మాత్రం తక్కువ బరువు కాదు. గోడలో ఒక కొక్కెం దింపి, పలకకు గొలుసు కట్టి, తెరిచిన ప్రతిసారీ దాన్ని కొక్కేనికి తగిలించిన తరువాతనే లోపలికి వంగాలన్నది మా ఇంట్లో నియమం. గొళ్లేలకు కూడా స్ప్రింగు కొక్కేలు వేయడం మంచిది. ఊరికే జారే గడియను వీధి కుక్క మూతితో నెట్టగలదు. నగర శివార్లలో కోతులు తిరిగే పేటలలోనైతే అది తెరవడం వాటికి నిమిషం పని.

ఇక మెష్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా దొడ్లు ఓడిపోయేది ఇక్కడే. దుకాణంలో కోళ్ల జాలీ అని అడిగితే ఆరు మూలల కన్నాలున్న, మెలిపెట్టిన సన్న తీగ వల ఇస్తారు. అది కోడిని లోపల ఉంచుతుంది, శత్రువును బయట ఉంచదు. కుక్క దాన్ని పళ్లతో చీల్చగలదు, పిల్లి పంజా దూరుతుంది, ముంగిసకు చిన్న సందు దొరికితే చాలు. బెంగళూరులో కోడికి శత్రువుల కొరత లేదు. పగటిపూట ఆకాశంలో గద్దలు, గోడల మీద పిల్లులు, వీధిలో కుక్కలు. రాత్రి పందికొక్కులు, పాత తోటలున్న పేటలలో పునుగు పిల్లులు, గుడ్ల కోసం జెర్రిపోతులు. పైగా పొట్టి దొడ్డికి ప్రత్యేకంగా ఒక బెడద ఉంది. పిల్లి సరాసరి కప్పు మీద కూర్చుంటుంది, కోడి తలకూ పిల్లి పంజాకూ మధ్య దూరం అడుగున్నర మాత్రమే. కన్నం అంగుళమైతే పంజా మొత్తం కిందికి దిగుతుంది. అందువల్ల పైనా పక్కలా కూడా అరంగుళం కన్నాల జీఐ వెల్డెడ్ మెష్ (జింకు పూత ఉన్న ఇనుప తీగలను అతికి చేసిన వల) తప్ప మరొకటి వాడవద్దని నా గట్టి సలహా. ఇది పందికొక్కును, ఎలుకను, పెద్ద పామును ఆపుతుంది. చిట్టెలుకను ఆపదు, దాని కోసం దాణాను రాత్రిపూట లోపల ఉంచకపోవడమే ఉపాయం.

మెష్ కొనేటప్పుడు గేజ్ తప్పక అడగాలి. గేజ్ సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. 19 గేజ్ తీగ దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, అంతకన్నా సన్నది వద్దు. బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో అన్ని రకాలూ దొరుకుతాయి, కాస్త ఓపికగా రెండు మూడు దుకాణాలలో తీగను వేళ్లతో వంచి చూసి కొనడం మంచిది.

మెష్ చుట్ట వెడల్పు దొడ్డి ఎత్తును నిర్ణయించేలా చూసుకుంటే అతుకు లేకుండా పని జరుగుతుంది. నేను నాలుగడుగుల వెడల్పు చుట్ట తీసుకున్నాను. గోడవైపు ఎత్తు మూడడుగులు, ముందువైపు రెండున్నర. ఆ అర అడుగు వాలు వాననీటి కోసం. ముందువైపు నాలుగడుగుల మెష్‌లో రెండున్నర అడుగులు నిలువుగా పోగా మిగిలిన ఒకటిన్నర అడుగును లంబకోణంలో బయటికి మడిచి, నేల మీద పరిచి, పైన రెండంగుళాల మట్టి కప్పి గడ్డి మొలవనిచ్చాను. మధ్య అర ముందు పలక తెరుచుకుంటుంది కనుక అక్కడ మాత్రం మెష్‌ను కింది కమ్మీ నుంచి విడిగా పరచవలసి వచ్చింది. కుక్క అయినా ముంగిస అయినా కంచె మొదట్లోనే తవ్వుతుంది. తవ్విన చోటల్లా మెష్ తగిలితే విసిగి వెళ్లిపోతుంది, అడుగున్నర వెనక్కి జరిగి అక్కడ నుంచి సొరంగం తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. కందకం తవ్వి మెష్‌ను నిలువుగా పాతడం కన్నా ఇది ఎంతో తేలిక. ముఖ్యంగా కాంపౌండు గోడ పునాది రాళ్లు, సంపు పైపులు అడ్డువచ్చే చోట కందకం తవ్వడం సాధ్యం కాదు. సంపు మూత, డ్రైనేజీ చాంబరు మూత దొడ్డి కిందికి రాకుండా ముందే చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

చట్రాన్ని ఇనుముతోనే ఎందుకు, కర్రతో ఎందుకు చేయించలేదని అడిగినవారున్నారు. సరుగుడు బొంగులు, నీలగిరి కర్రలు, కాఫీ తోటల నుంచి వచ్చే సిల్వర్ ఓక్ పలకలు ఈ ఊళ్లో సులువుగానే దొరుకుతాయి. ఎత్తైన దొడ్డికి వాటిని వాడితే నేలను తాకేది నాలుగైదు నిలువు కర్రల మొదళ్లే. పొట్టి దొడ్డిలో మాత్రం కింది అడ్డకమ్మీతో సహా చట్రం అంతా నేలకు, తేమకు, రెట్టకు దగ్గరగా ఉంటుంది. ఎర్రమట్టిలో చెదలు దాన్ని ఎక్కువ కాలం మిగల్చవు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు పొలాల కంచెలకు పాతే గ్రానైటు రాతి కూచాలు దొరికితే నిలువులకు వాటిని మించినవి లేవు, వాటికి తుప్పూ లేదు చెదలూ లేదు. మేము ఇనుప చట్రానికి రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామిల్ రంగు వేయించి, కింది కమ్మీని మట్టి మీద కాక ఒక వరుస ఇటుకల మీద కూర్చోబెట్టాం.

మెష్ కత్తిరించిన తరువాత చేయవలసిన ఒక పనిని పని చేసేవాళ్లు దాదాపు ఎప్పుడూ చేయరు, మనమే చేసుకోవాలి. తీగ ముక్కలు గడ్డిలో రాలి ఉంటాయి. మెరిసే చిన్న ముక్క కనిపిస్తే కోడి దాన్ని గింజనుకుని మింగుతుంది. కొన అన్నసంచిని చీల్చవచ్చు, పైపూతలోని జింకు శరీరంలోకి చేరి విషం కావచ్చు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి నేల మీద అటూ ఇటూ లాగితే ముక్కలన్నీ అతుక్కుని వస్తాయి. కోళ్లను వదలడానికి ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తరువాత మరోసారి ఇలా చేయాలి, ఎందుకంటే వానకు మట్టి కొట్టుకుపోయి అడుగున దాగినవి బయటపడతాయి.

కప్పు విషయంలో ఎత్తైన దొడ్డికీ పొట్టి దొడ్డికీ ఉన్న తేడా అసలు ఎండలో తెలుస్తుంది. ఆరడుగుల ఎత్తున రేకు వేస్తే దాని వేడి గాలిలో కలిసిపోతుంది. మూడడుగుల ఎత్తున వేస్తే అది కోడి వీపుకు అడుగున్నర పైన కాలుతూ ఉంటుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ముక్కు తెరిచి రొప్పడం, రెక్కలు శరీరానికి దూరంగా పెట్టుకోవడం మొదలుపెడుతుంది. బెంగళూరు చల్లని ఊరన్న పేరే గానీ ఏప్రిల్‌లో పగటి వేడి సగటున 34 డిగ్రీల దాకా వెళుతుంది. అందువల్ల మూడు అరలలో గూటిని ఆనుకున్న ఒక్క అరకే రేకు వేయించి, దాని అడుగున పాత థర్మాకోల్ పలకలు బిగించి, వాటిని కోళ్లు పొడవకుండా కింద మరో పొర మెష్ కట్టించాను. దాణా, పొడి మట్టి ఆ అరలో ఉంటాయి. మిగిలిన రెండింటికీ మెష్ కప్పు మీద వేసవిలో సగం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్, ఏడాది పొడవునా ఒక పాదు.

పాదుల ఎంపికలో ఈ ఊరికి తగినది బెంగళూరు వంకాయ (చౌచౌ). ఇక్కడి వాతావరణంలో అది ఎంత ఏపుగా పాకుతుందంటే ఒక్క మొక్కే రెండు అరలనూ కప్పేస్తుంది, వెడల్పాటి ఆకులతో చిక్కటి నీడ ఇస్తుంది, కిందికి వేలాడే లేత ఆకులను కోళ్లు మెష్ కన్నాలలోంచి పొడుచుకుని తింటాయి. దొండ పాదు కూడా మంచిదే. అయితే కప్పు తెరవాలంటే పాదు అడ్డు కాకూడదు గనుక దాన్ని పలకల మీదికి నేరుగా ఎక్కించక, గోడ నుంచి ముందుకు వంచిన తీగల మీద ఒక అడుగు పైన పాకించాలి. మధ్య అర మీద మనిషి నిలబడేంత ఖాళీ వదలాలి. పొట్టి దొడ్డి మీద పందిరి వేసుకుంటే కాయలు కోయడానికి నిచ్చెన అవసరం లేకపోవడం అదనపు సుఖం. పెరట్లో బటర్ ఫ్రూట్ (అవకాడో) చెట్టు ఉన్నవారు మాత్రం దొడ్డిని దాని కింద పెట్టవద్దు, ఆ ఆకులలోనూ కాయ తొక్కలోనూ ఉండే పెర్సిన్ అనే పదార్థం పక్షులకు ప్రమాదకరం. గన్నేరుకు కూడా దూరంగా ఉండాలి.

నేల గురించి. ఈ ఊళ్లో వానలు జూన్ నుంచి నవంబరు దాకా సాగుతాయి, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అన్నిటికన్నా తడివి. ఉత్త మట్టి నేల నాలుగు కోళ్ల కాళ్ల కింద ఒక్క వారంలో బురదవుతుంది, తడి రెట్టలోంచి అమ్మోనియా వాసన వస్తుంది, ఆ తేమలోనే కోళ్లకు కాళ్ల పుళ్లూ పేగుల్లో పరాన్నజీవులూ పట్టుకుంటాయి. చుట్టుపక్కల నేల కన్నా దొడ్డి అడుగును నాలుగంగుళాలు ఎత్తు చేసి, పైన అయిదారు అంగుళాల మందాన ఎండుటాకులు, వరి ఊక, వడ్రంగి దుకాణాల్లో దొరికే చిత్రిక తురుము కలిపి పరిచాను. మరీ మెత్తని పొట్టు కన్నా ముతకగా ఉన్న తురుము మేలు, దాని సందుల్లోంచి నీరు దిగిపోతుంది. కోళ్లు రోజంతా దాన్ని గీరుతూ తిరగేస్తాయి, రెట్ట అందులో కలిసిపోయి నెమ్మదిగా ఎరువవుతుంది. ఒక పెట్ట రోజుకు నూరు గ్రాములకు పైగా పచ్చి రెట్ట వేస్తుంది. నాలుగు పెట్టలంటే నెలకు పన్నెండు కిలోల పైమాట. మధ్య అరలో నిలబడి వారానికి ఒకసారి రేక్‌తో కలియబెట్టి, వాసన తగిలిన చోట ఇంకో గంపెడు ఎండుటాకులు వేస్తే చాలు. రెండు మూడు నెలలకు ఒకసారి పై పొర తీసి కంపోస్టు గుంటలో వేసి, బాగా మాగిన తరువాతే మడులకు వాడాలి. పచ్చి కోడి రెట్ట మొక్కల వేళ్లను మాడ్చేస్తుంది.

దొడ్డి పొట్టిదైనా రాత్రి గూడు మరీ పొట్టిగా ఉండకూడదు. కోడికి చీకటి పడగానే తాను పగలు తిరిగిన చోటు కన్నా ఎత్తైన చోట కూర్చోవాలన్న స్వభావం ఉంటుంది. అందుకని ఒక చివర నాలుగడుగుల ఎత్తు గూడు కట్టించి, దాని అడుగును నేల నుంచి ఒక అడుగు పైకి లేపి, అడుగు మీదినుంచి మరో అడుగు ఎత్తున రెండంగుళాల మందం గల గుండ్రని కర్ర అడ్డంగా బిగించాం. ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల కర్ర చాలు. గుడ్లు పెట్టే పెట్టె ఆ కర్ర కన్నా కిందే ఉండాలి. పైన ఉంటే కోళ్లు అందులోనే పడుకుని దాన్ని రెట్టతో నింపుతాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు పెట్టె ఒకటి మూడు నాలుగు పెట్టలకు సరిపోతుంది. దాని మూత బయటివైపు, మా అమ్మ నడుము వంచకుండా తెరవగలిగిన ఎత్తులో పెట్టించాను. దొడ్డిలో మిగతా పనులన్నీ నావి, గుడ్లు తీసే పని ఆవిడది. గూటికి పై అంచున నాలుగు వైపులా అరంగుళం మెష్ బిగించిన గాలి సందులు వదలాలి; ఈ ఊరి చలికి కోళ్లు చావవు, గాలి ఆడని తడి గూట్లోనే జబ్బు పడతాయి.

పొట్టి దొడ్డికి ఏ జాతి కోడైనా నప్పదు. నాటు కోళ్లు చెట్టు కొమ్మల మీదికి ఎగిరే అలవాటున్నవి. అవి కప్పుకు తల కొట్టుకుంటాయి, తలుపు తీస్తే గోడ ఎక్కుతాయి. శరీరం బరువుగా ఉండి నేల మీద గీరుకుంటూ తిరిగేవి కావాలి. బెంగళూరులోనే, హెబ్బాళలో రూపొందిన గిరిరాజ, ఆ తరువాత అక్కడే వచ్చిన స్వర్ణధార ఇందుకు బాగా సరిపోతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కూడా పెరటి పెంపకం కోసం ఉద్దేశించినవే. గుడ్ల కోసమే అయితే పుంజు అవసరం లేదు. పక్క ఇళ్ల గోడలు పదడుగుల దూరంలో ఉండే సైటులలో తెల్లవారుజామున మూడున్నరకు కూసే పుంజును పెంచడం ఇరుగుపొరుగు సంబంధాలకు మంచిది కాదు. ఈ అక్షాంశంలో పగటి వెలుగు డిసెంబరులోనూ పదకొండు గంటలకు పైగా ఉంటుంది కనుక చలిదేశాలలో లాగా గుడ్లు నెలల తరబడి ఆగిపోవు.

దాణా తొట్టిని, నీళ్ల డబ్బాను నేల మీద పెట్టక కప్పు చట్రం నుంచి గొలుసుతో కోడి వీపు ఎత్తులో వేలాడదీయాలి. అప్పుడు గీరినా చెత్త అందులో పడదు. గొలుసు కొక్కేన్ని కప్పు పలకకు కాక నిలువు కమ్మీకి తగిలిస్తే పలక తెరిచినప్పుడు తొట్టి ఊగదు. పెట్ట ఒక్కటి రోజుకు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది, పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఏప్రిల్ ఎండల్లో ఆ నీరు రెట్టింపవుతుంది. పచ్చిమేత కోసం ఒక చిన్న ఉపాయం ఉంది. నాలుగంగుళాల ఎత్తు చెక్క చట్రం మీద మెష్ బిగించి, దాని కింద రాగులు చల్లితే మొలకలు మెష్ పైకి వచ్చినంత మేరే కోళ్లు కొరుక్కుంటాయి, వేళ్లు మిగిలి మళ్లీ చిగురిస్తాయి. రేకు కప్పు ఉన్న అరలో ఒక మూల బూడిద, ఇసుక, పొడి ఎర్రమట్టి కలిపి వెడల్పాటి తొట్టిలో పోస్తే కోళ్లు అందులో పొర్లి ఈకల్లోని పేలను, గోమార్లను వదిలించుకుంటాయి. వానాకాలంలో పొడి మట్టి వాటికి మరెక్కడా దొరకదు.

మెష్ కప్పు గద్దను ఆపుతుంది గానీ ఎగిరే పక్షుల రెట్టను ఆపదు. యలహంక చెరువుల చుట్టూ కొంగలు, నీటి పక్షులు ఎక్కువ. 2012లో హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల కేంద్రంలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి ఈ ప్రాంతంలో కోళ్లు పెంచేవారు మరువకూడదు. దాణాను, నీటిని రేకు కింద ఉంచడానికి అది రెండో కారణం. కొక్కెర తెగులుకు టీకా వేయించిన పిల్లలనే కొనాలి. మొదటి వారంలో కంటిలో చుక్కగా, నాలుగు వారాలకు మళ్లీ, ఎనిమిది వారాల తరువాత ఇంజెక్షనుగా వేసే క్రమం పశువైద్యులను అడిగితే చెబుతారు.

ఆరేడు కోళ్లకు మించి పెంచాలనుకునేవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి, ఇంట్లో ఒక్కరే శుభ్రం చేయవలసినవారికి నేను పొట్టి దొడ్డిని సిఫారసు చేయను. కోళ్లు పెరిగితే పొడవు పెంచాలి, పొడవు పెరిగితే మధ్య అర నుంచి చివరలు అందవు, రెండో తెరిచే అర కావాలి. అక్కడికి వచ్చేసరికి ఆరడుగుల దొడ్డి కన్నా ఖర్చు తగ్గదు, నడుముకు సుఖమూ ఉండదు.

కట్టడం అంతా అయ్యాక కోళ్లను తెచ్చిన రోజే దొడ్డిలోకి వదలకూడదు. మూడు నాలుగు రోజులు వాటిని రాత్రి గూటిలోనే, నీళ్లూ దాణా అందులోనే పెట్టి, మూసి ఉంచాలి. ఎండాకాలమైతే గాలి సందుల మీద తడి గోనె కప్పాలి. పడుకునే చోటు అదేనని వాటికి అలవాటైతే ఆ తరువాత సాయంత్రం వెలుతురు తగ్గగానే వాటంతటవే లోపలికి వెళతాయి, మనం చీకట్లో రేక్ పట్టుకుని మూలమూలలా వెతకనక్కర్లేదు, గూటి తలుపు గొళ్లెం పెడితే సరిపోతుంది. అలవాటు కాని కోడి ఏదైనా దొడ్డి మూలన మిగిలిపోతే దాన్ని పగలు తరమవద్దు. పూర్తిగా చీకటి పడ్డాక కప్పు పలక మెల్లగా ఎత్తి రెండు చేతులతో రెక్కలు ఒడిసిపట్టి తీసుకెళ్లి కర్ర మీద కూర్చోబెడితే రెండు మూడు రాత్రులలో దానికీ దారి తెలుస్తుంది.